యాడీ అన్న పిలుపు

నెల్లికుదురు పక్క తండాలో తుల్సీబాయి పాట నేర్పందే పెళ్లికూతురు గడప దాటేది కాదు. లంబాడీల పిల్ల అత్తారింటికి పోయేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని పాటగా ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటారు. ఉత్త ఏడుపనుకునేరు! తల్లికో వరస, అన్నకో వరస, ఆఖరికి కొట్టంలో ఆవుకు కూడా ఒక వరస. తప్పు పాడిన పిల్లకు తొడపాశం పెట్టేది మహాతల్లి.

అలాంటిదాని ఇంట్లోనే తండా మాట ఆగిపోయింది. అదీ తన చేజేతులా. కొడుకు అమర్‌సింగ్ బడికి పోయిన కొత్తలో, ఆ మాట మాట్లాడాడని పంతులు పిల్లలందరి ముందూ వెక్కిరించాడు. వాడు ఏడుస్తూ ఇంటికొస్తే, "ఇగ నన్ను యాడీ అనకు బిడ్డా, అమ్మా అను. తెలుగే మాట్లాడు" అంది తుల్సీబాయి. యాడీ అంటే వాళ్ల మాటలో అమ్మే. బుద్ధిమంతుడు, ఒట్టేసినట్టు మానేశాడు. ఇక వాడి కూతురు కవితకైతే తండా మాట సగం అర్థమే కాదు.

సకల జనుల సమ్మెకు చదువులు బంద్ అయ్యి, కవిత హన్మకొండ హాస్టల్ నుంచి ఇంటికి చేరింది. దీపావళి దాటగానే దాని పెళ్లి. పిల్ల మాత్రం రోజూ దీక్షల టెంటు కాడికి పోయి, పాటలు పాడి పాడి గొంతు బొంగురు చేసుకుని వచ్చేది.

"సినిమాలల్ల మన తెలంగాణ మాటను ఎంత ఎక్కిరిస్తరో చూసినవా అవ్వా? మన మాట పోతే ఇగ మనమేడుంటం?" అంది ఒకనాడు రోషంగా.

తుల్సీబాయి రొట్టె కొట్టడం ఆపింది. "ఏ మాట బిడ్డా? నీదా, నాదా?"

కవిత వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది.

"నీ మాటకు ఊరూర టెంట్లేసిన్రు, మంచిగైంది. నా మాటకు ఎవరున్నరే? నేను పోతే ఢావ్లో ఎవరు పాడ్తరు? నీ పెండ్లికి డీజే పెడ్తరట గద!" అంటూ ముసలిది భోరుమంది.

మర్నాడు టెంటు నుంచి రాగానే కవిత అవ్వ ముందు చాప వేసుకుని కూర్చుంది. "నేర్పు. గిల్లుడు మాత్రం జర తక్వ" అంది. సమ్మె నడిచినన్నాళ్లూ ఆ ఇంట్లో ఏడుపే ఏడుపు, మధ్య మధ్య పకపకలు.

పెళ్లినాడు కవిత, తల్లి మెడ పట్టుకుని యాడీ అంటూ పాట ఎత్తుకుంది. సగంలో మరిచిపోయి, "నేనెట్ల పోవాలె" అని తెలుగు కలిపేసింది. ముసలమ్మలు కిసుక్కున నవ్వారు. తుల్సీబాయి గిల్లలేదు. ఆ తప్పు కూడా ఆమెకు ముద్దొచ్చింది.

వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. చూస్తే అమర్‌సింగ్. నెరిసిన మీసం, కళ్ల నిండా నీళ్లు.

"యాడీ" అన్నాడు.

ఆ పిలుపు విని ముప్పై ఏళ్లు దాటింది. తండా ఆడపిల్లలందరికీ ఏడవడం నేర్పిన తుల్సీబాయికి అప్పుడు ఒక్క వరసా గుర్తు రాలేదు. కొడుకు మెడ పట్టుకుని ఉత్తగానే ఏడ్చేసింది.