అత్త పైకి ఆలోచించిన మధ్యాహ్నం

మనుషులు ఒక చిక్కును ఎలా విప్పుకుంటారు, అదే చిక్కును ఏఐకి ఇస్తే అది ఎలా విప్పుతుంది అన్నది నా పరిశోధన. పద్ధతి సులువే. మనసులోకి వచ్చినదల్లా పైకి చెబుతూ పని చేయమంటాను, ఫోన్లో రికార్డు చేస్తాను. ఏడాదిపాటు విద్యార్థుల చేత లెక్కల పజిళ్లు చేయించాక మా గైడు మేడమ్ విసుక్కున్నారు.

"పని తెలిసినవాళ్ల దగ్గరకి వెళ్లు."

మల్కాపురంలో జాకెట్లు కుట్టే మా మేనత్త దగ్గరకి వెళ్లాను.

ఆ రోజు ఆమె ముందు ఒక చిక్కు సిద్ధంగా ఉంది. క్యాంటీన్లో పనిచేసే ఒకావిడ జాకెట్టు గుడ్డ తెచ్చింది. ఇంట్లో ఇస్త్రీపెట్టె ఆనించి ఓ మూల కాల్చేసుకుందట. ఆ మూల తీసేస్తే గుడ్డ చాలదు.

"అత్తా, ఏం ఆలోచిస్తున్నావో చెబుతూ గియ్యి," అన్నాను.

అత్త సుద్ద పట్టుకుంది. "ఈవిడ పూరీలు ఏపుతాది. మంచిదే పాపం. కూతురు బీఈడీ సదువుతంది. మొన్న నూనె పడి మోసేతి మీద..."

"అది కాదత్తా. గుడ్డ గురించి చెప్పు."

అత్త ఆ మాట అక్కడే ఆపేసింది. కాసేపు "ఇక్కడ మడత... ఇక్కడ గీత..." అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. తర్వాత చూసుకుంటే జాకెట్టు చేతులు రెండూ కుడిచేతికే గీసేసింది. నలభై ఏళ్లుగా కుడుతున్న మనిషి!

"ఓలమ్మీ, నన్ను ఆలోచించనిత్తన్నావేటే నువ్వు?" అంటూ గుడ్డ దులిపింది.

ఈలోగా నేను కొలతలన్నీ ఏఐకి ఇచ్చాను. అది ఒక చెయ్యి ముక్కను తలకిందులుగా తిప్పి, రెండో దాని పక్కన వంపులో వంపు ఇమిడేలా పెట్టమంది. అయినా చేతుల పొడవు రెండంగుళాలు తగ్గించక తప్పదంది.

అత్త కళ్లజోడు పైకి తోసుకుని ఫోన్లోకి తొంగి చూసింది. "తిప్పి ఎట్టమనడం బానే ఉందే! నాకు తట్టనేదు." వెంటనే అలాగే సర్దింది. "గానీ సేతులు తగ్గించడానికి నేదు. మోసేతి మీద కాలిన మచ్చుంది కదా. అది కనపడకూడదనే పొడుగు సేతులు ఎట్టమంది."

నేను మధ్యలో ఆపేసిన మాట అదే.

ఆ తర్వాత నేను అడ్డుపడలేదు. అత్త ఆవిడ గురించి, కూతురి హాస్టల్ గురించి మాట్లాడుతూనే వీపు భాగంలో ఎడమవైపు ఒక అతుకు గీసింది. అక్కడ పమిట కప్పేస్తుంది, ఎవరికీ కనపడదు. వీపుకి చిన్న ముక్కలు అతికించడంతో గుడ్డ మిగిలి, చేతులు పూర్తి పొడవున వచ్చాయి.

మచ్చ సంగతీ పమిట సంగతీ నేను ఏఐకి చెప్పాను. ఈసారి అది కూడా ఎడమవైపు వీపు మీదే అతుకు వెయ్యమంది. అత్తకి చదివి వినిపించాను.

"మరదే! తెలిత్తే అదీ సెప్తాది. పాపం దానికెవులూ సెప్పనేదు," అంది, పక్కింటి పిల్ల తరపున మాట్లాడినట్టు.

నాలుగు రోజులకి క్యాంటీన్ ఆవిడ వచ్చి జాకెట్టు తొడుక్కుని చూసుకుంది. చెయ్యి అటూ ఇటూ తిప్పి, అత్త చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

నేను ఇంటికి వచ్చి పాత రికార్డింగులన్నీ మళ్లీ విన్నాను. ఒకమ్మాయి లెక్క చేస్తూ వాళ్ల తాతగారి పెంకుటిల్లు గురించి మొదలుపెట్టింది. ఒకబ్బాయి కబడ్డీ గురించి. ఆ రెండు చోట్లా, ఇంకా చాలా చోట్లా, నా గొంతే అడ్డుపడింది: "లెక్క గురించి చెప్పండి, ప్లీజ్." సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. మర్నాడు మేడమ్ దగ్గరకి వెళ్లి, ఆ రికార్డింగులన్నీ మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఎవరినీ మధ్యలో ఆపకుండా చేస్తానని చెప్పాను.