వెల్మా సంతకం పెట్టిన విమానం

వెల్మా ప్రూయిట్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాన్సస్‌లో కోళ్లు పెంచుకునేది. నలభై దాటాక మా బాంబర్ల ఫ్యాక్టరీలో చేరింది, ఏడాది తిరక్కుండానే తనిఖీ పనికెక్కింది. ఆవిడ సంతకం లేనిదే విమానం కదలదు. వదులైన ఒక్క బోల్టు కోసం ఫోర్‌మన్‌ని గంటసేపు ఎండలో నిలబెట్టిన మొండిఘటం. నాకైతే ఒళ్లు మండేది.

"కోడిగుడ్లు ఏరినట్టు ఏరతావేం వెల్మా? ఇది విమానం!" అనేవాణ్ణి.

"కుళ్లిన గుడ్డయితే కంపు కొడుతుంది లైల్. ఇది కూలితేగానీ తెలీదు."

మా టెస్ట్ పైలట్ హాస్కిన్స్‌ది ఒకటే పట్టు. కొత్త విమానం మొదటిసారి ఎగిరేటప్పుడు సంతకం పెట్టినవాళ్లు కూడా ఎక్కాల్సిందే. ఇంజన్లు చూసే మెకానిక్కుగా నేనెలాగూ ఉంటాను.

ఆ ఆగస్టు మధ్యాహ్నం అది మూడో విమానం. రెక్కల్లో తీగలు పొద్దున్నే మార్చారు. పైలట్ ముందుండే చక్రం తిప్పితే, ఆ తీగలు లాగే రెక్క అంచు పలకలు ఎటు కదులుతున్నాయో ఒకరు బయట నుంచుని చూడాలి. దుమ్ముగాలి కళ్లలో కొడుతోంది. త్వరగా కానివ్వమని ఫోర్‌మన్ నెత్తినెక్కి కూర్చున్నాడు. వెల్మా లోపల చక్రం తిప్పింది, హాయిగా తిరిగింది, సంతకం పెట్టేసింది. బయట నుంచుని చూడాల్సింది నేను. ఆవిడ సంతకం పడింది కదా అని రెక్కవైపు తలెత్తి చూడలేదు, వెధవని.

నేల విడిచామో లేదో గాలి తోసి కుడిరెక్క వాలింది. హాస్కిన్స్ చక్రం ఎడమకు తిప్పాడు. రెక్క లేవలేదు సరికదా, ఇంకా వాలింది. ఇంకా తిప్పాడు. ఇంకా వాలింది. కిటికీ నిండా జొన్నచేనే.

వెనక కిటికీ దగ్గరున్న వెల్మా గొంతు చెవుల్లో పేలింది. "తీగలు తారుమారయ్యాయి హాస్కిన్స్ గారూ! పలక కిందికి దిగాల్సింది పైకి లేస్తోంది! నేను చూడకుండా సంతకం పెట్టాను! కుడికి తిప్పండి, కుడికి!"

రెక్క పడుతున్న వైపుకే తిప్పడమంటే చావుని చేతులారా పిలవడమే. హాస్కిన్స్ తిప్పాడు. నేను కళ్లు మూసుకున్నాను.

రెక్క లేచింది.

దిగేదాకా ఇరవై నిమిషాలు. చెయ్యి అలవాటుకొద్దీ ఒకవైపు లాగుతుంటే, ఆ మనిషి పళ్లు బిగబట్టి రెండోవైపు తిప్పాడు.

కింద ఫోర్‌మన్ చిందులు తొక్కుతూ వచ్చాడు. "ఎవడిదీ తప్పు?"

"నాది," అంది వెల్మా వెంటనే.

సిగ్గుతో చచ్చి, "నాది కూడా," అన్నాను.

హాస్కిన్స్ ఆవిణ్ణే చూస్తున్నాడు. "తీగలు సరిచేయించు. రేపు ఇదే విమానం ఎగరేస్తాను. సంతకం ఎవరిది?"

"నాదే."

మర్నాడు పొద్దున్న వెల్మా తను బయట నుంచుని, నాచేత పదకొండుసార్లు చక్రం తిప్పించింది. ఈసారి చెప్పినన్నిసార్లూ తిప్పాను నేను. సంతకం పెట్టి నిచ్చెనెక్కుతూ ఆవిడ సగంలో ఆగింది. పైన తలుపు దగ్గర నేనున్నాను.

"భయంగా ఉందా వెల్మా?"

"చచ్చేంత. నిన్న లేదు లైల్, అదే నా తప్పు. జరుగు, లోపలికి పోనీ."