ఎర్ర చుక్క కోసం అరకు దాకా

నేను నోరు తెరిచి అన్న ఒక్క మాట వల్ల ఈ ప్రయాణం వచ్చింది. మా నాన్నగారు విజయనగరంలో పంతులుగా పనిచేసి విరమించారు. ఆకాశంలో తిమింగల మండలమనే చుక్కల గుంపులో ఒక ఎర్ర చుక్క ఉంది. కొన్ని నెలలు కంటికి ఆనదు, తరువాత మెల్లగా వెలుగు పుంజుకుంటుంది. దాని పక్కనున్న రెండు చుక్కల్ని నాన్న పెద్ద పొరుగు, చిన్న పొరుగు అంటారు. ఆ రెండింటి వెలుగుల తేడాను పది మెట్లుగా ఊహించుకుని, ఎర్రది ఏ మెట్టు మీద ఉందో ఏళ్ల తరబడి పుస్తకంలో రాస్తున్నారు.

ఈ మార్గశిరంలో "పెద్దదానికి రెండు మెట్లే తక్కువ" అని నాచేత రాయించారు. నా కంటికి ఎనిమిది మెట్లు కింద ఉంది.

"నాకలా లేదు నాన్నా" అన్నాను.

ఆయన పుస్తకం మూసేశారు. మర్నాటి నుంచి ఊరిమీద మబ్బు. "మీ మామయ్య అరకు సంతకు వెళుతున్నాడు. అక్కడ తేటగా ఉందట, చూసి రా. నువ్వేది రాస్తే అదే పుస్తకంలోకి" అన్నారు.

నా మాట నిజమైతే ఆయన కళ్లు పోతున్నట్టే. అది అబద్ధం కావాలని మొక్కుకుంటూ మామయ్యతో పొద్దున్న ఆరు గంటల మోటారు బస్సెక్కాను.

నా పక్కన తమలపాకుల బుట్టతో ఒకామె కూర్చుంది. "కొండకెందుకే గుంటా? సలిజొరం వత్తాది" అంది.

"చూడడానికి."

"ఏటి సూడ్డానికి? పెళ్లికొడుకునా?"

బస్సంతా నవ్వింది. చుక్కనని చెప్పే ధైర్యం లేక కిటికీ వైపు తిరిగాను.

ఎనిమిదిన్నరకు శృంగవరపుకోట. ఇడ్లీలు తిని, సింహాద్రి అనే అతని ఎడ్లబండిలో ఘాటు రోడ్డు ఎక్కాం. బండి నత్తలా నడుస్తుంటే కూర్చోలేక రెండుసార్లు దిగి ముందుకు నడిచాను. "బేగి ఎల్లకపోతే సంత పారిపోద్దేటి అమ్మగోరూ?" అన్నాడు సింహాద్రి. చీకటి పడ్డాక అనంతగిరిలో బాటసారులు బస చేసే ముసాఫరుఖానాలో దిగాం. పొగమంచులో ఎదుటి చెట్టే లేదు, ఇక చుక్కెక్కడ! మామయ్య చలిజ్వరం రాకుండా క్వినైను బిళ్ల మింగించి పడుకోమన్నారు. నిద్ర పట్టలేదు.

రెండోరోజు నాలుగింటికి అరకు చేరాం. లోయంతా వలిసెపూల పసుపు. మామయ్యకు తెలిసిన వర్తకుడి ఇంట్లో బస. చోడి అంబలి తాగి, ఏడున్నరకు పుస్తకంతో వాకిట్లోకి వచ్చాను. ఆకాశం కడిగినట్టుంది.

ఎర్ర చుక్కను చూశాను. ఇంకా చూశాను. చూసే కొద్దీ అది పెరిగింది, పెద్ద పొరుగును దాదాపు అందుకుంది. వెంటనే "రెండు మెట్లు తక్కువ" అని రాశాను. నాన్న కళ్లు బాగున్నాయి!

"దాన్నలా సూత్తా ఉంటే దిగి వత్తాదేటి, అమ్మగోరూ?" అన్నాడు ఎడ్లకు గడ్డి వేస్తున్న సింహాద్రి.

అప్పుడు గుర్తొచ్చింది. ఎర్ర చుక్కను చప్పున చూసి చూపు తిప్పెయ్యాలి. తేరిపార చూస్తే కంట్లో దాని వెలుగు పెరుగుతూ పోతుంది. ఇది నాన్న నాకు నేర్పిన మొదటి నియమం.

రాసినదాన్ని చెరపకూడదు, కనబడేలా ఒక్క గీతతో కొట్టెయ్యాలి. కొట్టేశాను. చీకటి కొండ వైపు చూసి కళ్లు తేరుకున్నాక, చప్పున ఒక్క చూపు. మళ్లీ ఒకటి. ఎనిమిది మెట్లు తక్కువ. అదే రాశాను.

అయినా ఒప్పుకోలేక మూడు చుక్కలూ వేలితో చూపి, "ఆ మూడింట్లో ఏది ఎక్కువ వెలుగు?" అని సింహాద్రిని అడిగాను.

"ఆ సివరది. ఎర్రదీ, నడిమిదీ ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. దీనికోసరం కొండెక్కాలేటండీ?"

చివరది పెద్ద పొరుగు, నడిమిది చిన్న పొరుగు.

మర్నాడు మామయ్య సంత పని అయ్యాక, తిరుగు దారిలో పుస్తకంలోని ఆ కాగితం చింపెయ్యాలని ఎన్నిసార్లు అనిపించిందో! వెళ్లదలచినవాళ్లు రెండు కంబళ్లు, క్వినైను పట్టుకెళ్లండి. దిగేటప్పుడు బండి ఎక్కినప్పటికంటే బేగి నడుస్తుంది. నాకు మాత్రం అది మరీ తొందరపడినట్టు తోచింది.

నాలుగోరోజు సాయంత్రం విజయనగరంలో బస్సు దిగేసరికి నాన్న గొడుగుతో నిలబడి ఉన్నారు. దిగిన ప్రతివారి ముఖంలోకీ చూస్తున్నారు. మూడడుగుల దూరంలో నేనున్నాను. "మా అమ్మాయి రాలేదా?" అని కండక్టరును అడిగారు.

"నాన్నా" అన్నాను.

"ఎంత?"

"ఎనిమిది మెట్లు తక్కువ."

"కొట్టేసిందేమైనా ఉందా?"

"ఉంది. రెండు."

"తేరిపార చూశావన్నమాట" అని నవ్వారు. గొడుగు చంకలో పెట్టుకుని, "నాకు చప్పున చూసినా రెండే కనబడుతోందమ్మా" అన్నారు.

నా భుజం మీద చెయ్యి వేసి రోడ్డు దాటారు.