దొరకకూడదనుకున్న పుస్తకం

నాకు నిశ్చితార్థం ఎండాకాలం మొదట్లో అయింది. పెళ్ళి మాత్రం శ్రావణంలో. ఈ మధ్యలో అబ్బాయీ అమ్మాయీ కలిసి బయటికి వెళ్ళడమనే మాటే మా ఊరు ఇంద్రేశంలో లేదు. ఆయన స్కూటర్ మీద మా ఇంటి ముందు నుంచి ఒక్కసారి పోతే వారం దాకా వీధంతా అదే ముచ్చట.

ఆయన బొల్లారంలో మందుల ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసేవారు. అప్పుడప్పుడే అక్కడికి కంప్యూటర్లు వస్తున్నాయి. నేను డిగ్రీ అయిపోయి పటాన్‌చెరులో కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. ఒకరోజు ఆయన మా నాన్న దగ్గరికి వచ్చి చాలా గంభీరంగా కూర్చున్నారు.

"మామా, ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఒక పరీక్ష ఉంది. పాసైతే సర్టిఫికెట్ ఇస్తరు. ఆఫీసులల్ల నౌకరీ దొరుకుతది. ఇద్దరం రాస్తం. కని పుస్తకాలు ఈడ దొర్కయి. కోఠి పోవాలె."

నాన్న ఒప్పుకుంటూనే, "పోయి తెచ్చుకోర్రి. మా అక్కను గూడ తోలుకపోర్రి," అన్నారు.

అక్క అంటే మా మేనత్త. భర్త పోయినప్పటి నుంచి మాతోనే ఉంటోంది. ఆమె ఎదుట గట్టిగా నవ్వడానికి కూడా ఇంట్లో అందరికీ భయమే.

మొదటి ఆదివారం బస్సులో నేనూ అత్తమ్మా ఆడవాళ్ళ సీట్లో కూర్చున్నాం. వెనక సీట్లు ఖాళీగా ఉన్నా ఆయన మా పక్కనే కడ్డీ పట్టుకుని కోఠి దాకా నిలబడ్డారు. ప్రతి మలుపులో కడ్డీ మీద ఆయన చెయ్యి నా తల వైపు ఒరిగేది. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు కూర్చున్నానే గానీ దారిలో ఏ ఊరు వచ్చిందో, ఏది పోయిందో తెలియలేదు.

దుకాణంలో ఆయన ఒక పుస్తకం తీసి, "ఒక పేజీ చదువు. అర్థమైతేనే కొందాం," అన్నారు. చదివాను.

"అర్థమైతుందా?"

"అయితుంది."

ఆయన ముఖం వాడిపోయింది. నాకేమీ తట్టలేదు. ఇంకోటి ఇచ్చారు. అది ఇటుకంత లావుంది, వెనక అట్టకు ఒక డిస్కు అంటించి ఉంది.

"ఇది అయితలేదు," అన్నాను.

ముఖం వెలిగిపోయింది. "అయితే ఇంకో దుకాణం సూద్దాం!"

అప్పుడు తట్టింది నాకు. పుస్తకం దొరికిందంటే వచ్చే ఆదివారం ఉండదు.

ఆ తర్వాత నాకు ఏ పుస్తకమూ అర్థం కాలేదు. ఒకటి మరీ లావు. ఒకటి మరీ పలచన, అందులో ప్రశ్నకు జవాబే తప్ప ఎందుకో చెప్పలేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికినదాంట్లో ముందు చదివినవాళ్ళు ప్రతి లైను కిందా గీత గీశారు. ఇంకోటి అన్ని విధాలా బాగుందనుకునేసరికి, అది పాత వెర్షన్‌దని ఆయనే కనిపెట్టి సంతోషంగా పక్కన పెట్టేశారు.

తర్వాతి వారం అసలు పుస్తకం నా చేతికే వచ్చింది. మా పరీక్షదే. ఏ బటన్ నొక్కితే తెర మీద ఏమొస్తుందో బొమ్మలతో సహా ఉంది. సగం పేజీ చదివేసరికి ఇన్నాళ్ళూ తెలియనిది తెలిసిపోయింది. అటూ ఇటూ చూసి దాన్ని వంటల పుస్తకాల కిందికి తోసేశాను.

"గదేంది బిడ్డా, మంచిగనే సదువుతుంటివి గదా?"

వెనక అత్తమ్మ. ఆయన పక్క వరుసలో కొయ్యబారిపోయారు. అత్తమ్మ వంటల పుస్తకాల కింద నుంచి దాన్ని బయటికి లాగి, చేయి చాపి దూరంగా పట్టుకుని చూసింది.

"అక్షరాలు సీమల తీరుగున్నయి. పిల్ల కండ్లు ఖరాబైతే పెండ్లిల అద్దాలు పెట్టుకొని కూసుంటదా? వద్దు."

"అమ్మా, సబ్ కితాబ్ ఐసేచ్ రహతే," అని, పుస్తకాలన్నీ ఇట్లాగే ఉంటాయన్నట్టు దుకాణదారు నెత్తి కొట్టుకున్నాడు.

అక్కడి నుంచి ఇరానీ హోటల్‌కి వెళ్ళాం. అత్తమ్మ బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ, మా వైపు చూడకుండానే అంది: "నేను గిట్ల బస్సెక్కి ఎన్నేండ్లాయెనో. వచ్చే ఐతారం జెర జల్దీ బయల్దేరాలె. ఎండ ముదురక ముందే."

ఆయనకు చాయ్ పొలమారింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్తమ్మ భుజాలు కూడా కదులుతున్నాయి.

అయితే ఒక సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వస్తూ ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇన్ని వారాలు తిరిగినా దొర్కలే మీకు. మా ఆఫీసు సారుకు జెప్తే తెప్పిచ్చిండు."

విప్పితే అదే పుస్తకం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"తమ్మీ," అంది అత్తమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ. "గిది పాఠాలది. సవాళ్ళు, జవాబుల పుస్తకం వేరే ఉంటదంట. అది లేకుంటే పాస్‌గారంట. అల్లుడు జెప్పిండు."

అల్లుడు ఏమీ చెప్పలేదు. నాన్న అక్క వైపు చూశారు, నా వైపు చూశారు. తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నట్టు నవ్వు దాచుకున్నారు.

"సరే, పోర్రి. కని అక్కా, గీసారి కొనుక్కొనే రార్రి."

కొనుక్కునే వచ్చాం. అత్తమ్మ ఊరికే అన్న ఆ సవాళ్ళ పుస్తకమే నిజంగా అక్కరకొచ్చింది. పాఠాల పుస్తకం ఒక వారం బొల్లారంలో, ఒక వారం మా ఇంట్లో ఉండేది. చదివింది చదివినట్టు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ మీద చేసి చూసేదాన్ని. చేసింది మరచిపోలేదు.

పరీక్ష అమీర్‌పేటలో. చివరి బటన్ నొక్కగానే ఫలితం తెర మీదే వచ్చేస్తుంది. నేను పాసయ్యాను. ఆయన కొద్దిలో తప్పారు. పెళ్ళయ్యాక మళ్ళీ రాసి పాసయ్యారనుకోండి. కానీ ఆ రోజు ఆయన్ని చూసినవాళ్ళెవరూ తప్పారని అనుకోరు. మెట్ల మీద కూర్చున్న అత్తమ్మ దగ్గరికి పరుగెత్తి చెప్పారు. చాయ్ బండి అతనికి చెప్పారు. బస్సెక్కాక కండక్టర్ టికెట్ అడిగితే, "అన్నా, మా ఆమె కంప్యూటర్ పరీక్ష పాసైంది!" అన్నారు.

"ఓ పిలగా!" అత్తమ్మ గదిమింది. "పెండ్లింక గాలే. మా ఆమె అంటవేంది బస్సుల?"

బస్సంతా మా వైపు తిరిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. అత్తమ్మ ముందే పక్కున, గట్టిగా నవ్వేశాను.