పై నుంచి తెరుచుకునే నిచ్చెన

బోధన్‌లో పాతవాళ్లనెవరినైనా "ఆత్మారాం బర్తన్ల ఇల్లు ఎక్కడ?" అని అడిగితే చెయ్యెత్తి చూపిస్తారు, వెంటనే ఆ చెయ్యి దించేసుకుంటారు. మునుపు ఇలా కాదు. ఆ ఇంటి అటుక మీది బర్తన్లు, అంటే గంగాళాలు, డేగ్చాలు, కిరాయికి దిగకుండా ఆ చుట్టుపక్కల పెళ్లి జరిగేది కాదు. చక్కెర ఫ్యాక్టరీ మూతబడి పని పోయినవాళ్లంతా తలలు పట్టుకుని కూర్చున్న రోజుల్లో ఆత్మారాం ఇంత పొడుగు ఇత్తడి గంగాళం ఒకటి భుజాన పెట్టుకుని వచ్చాడు. "జనం శక్కర తినుడు బందు వెడ్తరేమో గని, లగ్గాలు బందు వెడ్తరానే?" అన్నాడు భార్యతో.

మాట ఆత్మారాంది, తోముడు రుక్మాబాయిది. సరిహద్దు అవతల ధర్మాబాద్ వైపు పల్లె నుంచి కోడలై వచ్చిన మనిషి. మరాఠీలో తిట్టుకుంటుంది, తెలుగులో కొట్లాడుతుంది. చింతపండూ బూడిదా పెట్టి తోమీ తోమీ వేళ్ల గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ ఆమె వేలిని మనిషి వేలుగా ఒప్పుకోదు. "బతికున్ననని నా మొగుని గిన్నెలే సాక్షి" అని డీలరుతో పోట్లాడేది.

ఆత్మారాంకు ఒక అలవాటు. అన్నం తిన్నాక నిచ్చెన వేసుకుని అటుక ఎక్కేవాడు. ఒక్కో గిన్నె అంచు మీద గరిటెతో తట్టి చెవి పెట్టి వినేవాడు. ఖణ్‌మంటే మంచిది, బొంగురు పలికితే పగులు. అలా తట్టుకుంటూ తట్టుకుంటూ చాప మీద ఒరిగి ఓ కునుకు తీసేవాడు. కింద పని చేసుకుంటున్న రుక్మాబాయికి గరిటె చప్పుడు ఆగిందంటే మొగుడు నిద్రపోయాడని లెక్క.

మూడేళ్ల కిందట, వాన పట్టిన ఒక మధ్యాహ్నం, చప్పుడు ఆగింది. సాయంత్రమైనా ఆయన దిగలేదు. గుండె ఆగిపోయిందని తరువాత తెలిసింది.

ఆ వాడకట్టులో ఒక ఆనవాయితీ ఉంది. అటుక మీద గానీ, మిద్దె మీద గానీ ప్రాణం పోతే, శవాన్ని దించే ముందు కొడుకు కింద నిలబడి, "బాపూ" అని వరసతో పిలిచి, "దిగిరా" అనాలి. పిలిస్తేనే పోయినవాడు తన ఒంటి వెంట దిగుతాడు. పిలవకపోతే ఒళ్లు దిగుతుంది, మనిషి పైనే ఉండిపోతాడు. పక్కింటి ముత్తవ్వ వానలో తడుస్తూనే వచ్చి ఆత్మారాం కొడుకు రాజశేఖర్‌ను తట్టి తట్టి చెప్పింది. "పిలువు బిడ్డా, బాపును పిలువు."

రాజశేఖర్ మందుల దుకాణంలో పనిచేస్తాడు. ఏ గోళీ ఎందుకో తెలిసినవాడు. పైకి చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు. తరువాత ముత్తవ్వ మీదికి లేచాడు. "మనిషే లేడు, ఎవల్ని పిలువాలె? గివన్ని పాత ముచ్చట్లు బంద్ జెయ్యి!"

వాన. జనం తొందర. ఆత్మారాంను ఆ నిచ్చెనకే కట్టి దించారు. వెదురు కోసుకొచ్చే తీరిక లేక ఆ నిచ్చెన మీదే మోసుకుపోయారు. చితిలో అదీ కాలిపోయింది. పిలుపు లేదు, దిగడానికి నిచ్చెనా లేదు. కర్మకాండ అయ్యాక రాజశేఖర్ అటుక మూతకు మేకులు కొట్టాడు. ఆ రోజు నుంచి బాపు అన్న మాట అతని నోట రాలేదు. అవసరమొస్తే "ఫాదర్" అంటాడు, ఆసుపత్రి చీటీలో రాసినట్టు.

కానీ చప్పుడు మళ్లీ మొదలైంది. అన్నాల వేళ దాటాక, ఇల్లు సద్దుమణిగాక, పై నుంచి ఖణ్. కాసేపాగి ఇంకో ఖణ్. మొదటిసారి విన్నప్పుడు రుక్మాబాయి చేతిలో పళ్లెం జారిపోయింది. భయపడిందా అంటే భయపడింది. అంతకు మించి జాలిపడింది. పైన ఆ వేడిలో, మేకులు కొట్టిన మూత వెనక, పిలిచే నోరు కోసం కాచుకుని కూర్చున్నాడు తన మొగుడు.

"ఎలుకలవ్వా" అన్నాడు కొడుకు.

"ఎలుకలకు గరిటె పట్టుడు ఎవలు నేర్పిండ్రురా?"

"పెంకలు ఎండకు సాగుతయి. రేకు డబ్బా కదుల్తది. సప్పుడైతది."

"పిలువురాదు ఒక్కపాలి. నీ సొమ్మేం బోతది?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కొడుకు వినీ విననట్టుంటాడు, కోడలు స్నేహలతకు వినపడినా ఒప్పుకోదు. బడిలో సైన్స్ చెప్పే పిల్ల, అత్తగారి దయ్యాన్ని ఒప్పుకుంటే ఉద్యోగం ఏం కాను? కానీ మధ్యాహ్నం సెలవైతే బిడ్డను చంకనేసుకుని ముత్తవ్వ ఇంట్లోనే ఎందుకు కూర్చుంటుందో ఆమెనే అడగాలి.

ఈ ఏడు రాజశేఖర్ తెగేసి చెప్పాడు. దసరా వెళ్లాక గిన్నెలన్నీ అమ్మేసి, అటుక కింద తెల్లటి సీలింగ్ కొట్టిస్తానని. అటుక మూసేస్తే ఆయన దారి మూసుకుపోయినట్టే. ఇక ఎప్పటికీ దిగడు. రుక్మాబాయి తిండి మానేసింది. రెండు పూటలు గడిచాయి. మూడో పూట కొడుకు దిగొచ్చాడు.

"ఏం గావాల్నో చెప్పు."

"నిచ్చెన."

మనిషి పోయిన ఇంట్లోకి మళ్లీ వెదురు నిచ్చెన తేవడానికి ఎవరికీ మనసొప్పలేదు. అది నేల మీద పడుకోబెట్టి ఉంటే చాలు, ఆ రోజే కళ్ల ముందుకొస్తుంది. అప్పుడు స్నేహలత ఫోనులో చూపించింది. పైకప్పులోనే మడతపడి ఉండే నిచ్చెన. కొక్కెం పెట్టి లాగితే దిగుతుంది, తోస్తే వెళ్లి పైన దాక్కుంటుంది. "పిల్లగాడు ఎక్కుతడన్న భయం ఉండదత్తమ్మా" అంది. రుక్మాబాయి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఎప్పుడూ ఇంట్లోనే ఉండే నిచ్చెన. ఆయనకు కావలసింది అదే.

కొడుకు బండి మీద నిజామాబాద్ తీసుకెళ్లాడు. పెద్ద దుకాణం, చల్లటి గాలి. అమ్మే కుర్రాడు అల్యూమినియంది దించాడు, చెక్కది దించాడు, దుర్భిణిలా ఒకదాంట్లోకి ఒకటి దూరే గొట్టాలదీ దించాడు. రుక్మాబాయి ప్రతి మెట్టూ తడిమింది. ఆమె ఒక్కటే అడిగింది.

"పైనున్నోళ్లు సుత దించుకోవచ్చునా?"

"పైన ఎవరుంటారమ్మా? అన్నీ కిందినుంచే లాగాలి."

"పై నుంచి తెరుసుకోవాలె నాయినా. నాకు గదే గావాలె."

కుర్రాడు రాజశేఖర్ వైపు చూశాడు. రాజశేఖర్ చెవుల దాకా ఎర్రబడి బయటికి నడిచాడు. తిరుగు దారిలో, బోధన్ దగ్గరపడ్డాక, బండి ఆపకుండానే అన్నాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ దీస్తున్నవవ్వా."

మర్నాడు ఆమె ఒక్కతే బోధన్ బస్టాండు అవతల మజహర్ వెల్డింగ్ దుకాణానికి వెళ్లింది. మజహర్ వాళ్లు తాతల నాటి నుంచి ఇనుము పనివాళ్లు. ఆత్మారాం గిన్నెలకు పిడులు ఊడితే అతికించింది అతనే. ఆమె చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పై నుంచి ఎందుకక్కా?"

"మీ అన్న దిగాలె గద, తమ్మీ."

మజహర్ నవ్వలేదు. "చేస్త. పైన సుత ఒక పిడి వెడ్త. గుంజితే మడతవడ్తది, నూకితే దిగుతది" అన్నాడు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "అన్న బక్కమనిషి. స్ప్రింగు మెత్తగ వెడ్త" అని జోడించాడు. రుక్మాబాయికి అక్కడే, ఆ ఇనుప రజను మధ్యే, ఏడుపు ముంచుకొచ్చింది. మూడేళ్లలో ఆమె మొగుణ్ని మనిషిలా తలచుకున్నది అతనొక్కడే.

బిగించే రోజు మజహర్ మేకులు పీకి మూత తీశాడు. రెండు దూలాల మధ్య సందు కొలిచి, చట్రం బోల్టులతో బిగించాడు, పాత మూతను దానికే కీళ్లతో తగిలించి మూడు మడతల నిచ్చెన వేలాడదీశాడు. మొదటి స్ప్రింగు గట్టిదై నిచ్చెన దిగనంది. రెండోది మరీ వదులై దభాలున నేలను గుద్దింది. మూడోది మాట విన్నది. రాజశేఖర్ గడపలో నిలబడి చూశాడే గానీ దగ్గరికి రాలేదు. పైకి చూడనే లేదు.

ఆ మధ్యాహ్నం రుక్మాబాయి నిచ్చెన దించి, పక్కన కంచంలో అన్నం పెట్టి, గోడకానుకుని కూర్చుంది. పైన ఖణ్‌మంది. ఎవరూ దిగలేదు. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. నిచ్చెన ఉంటే చాలనుకుంది, పిచ్చిది. దారి ఉన్నంత మాత్రాన పిలవని పేరంటానికి ఎవరొస్తారు?

మళ్లీ కొడుకు కాళ్లావేళ్లా పడింది. "నిచ్చెన వెట్టిచ్చిన గద. ఇంకేంది? పండుగ ఎల్లంగనే సీలింగ్ గొట్టిస్త. ఇగ నన్ను సతాయించకు" అన్నాడు. అతని గొంతు కోపంగానే ఉంది. బండి తాళం మాత్రం చేతిలోనే పెట్టుకుని జేబులన్నీ వెతికాడు.

దసరా ఇంకో వారం ఉందనగా, కోడలు బడికి వెళ్లాక, పిల్లవాణ్ని ముత్తవ్వకు అప్పగించి, రుక్మాబాయి నిచ్చెన ఎక్కింది. మొగుడితో మాట్లాడుకునేటప్పుడు ఎవరూ రాకూడదని, మజహర్ పెట్టిన పిడి పట్టి పైకి లాగేసింది. నిచ్చెన మడతపడి, మూత మూసుకుంది.

పెంకుల సందుల్లోంచి సన్నటి వెలుగు. గిన్నెల మీద వేలు మందాన దుమ్ము. గరిటెల మీద బూజు. ఎలుక అడుగు కూడా లేదు. మూలన ఆత్మారాం చాప పరిచే ఉంది. దాని మీద దుమ్ము లేదు. అప్పుడే దులిపినట్టుంది, నడుమ ఓ మనిషి ఒరిగినంత మేర నలిగింది. రుక్మాబాయి వెళ్లి చాప పక్కన కూలబడింది.

"నేనేం జెయ్యాలె జెప్పు" అంది. "నిచ్చెన దెచ్చిన. కొడుకు నోరు ఎక్కడికెల్లి తేవాలె?" అడ్డూ ఆపూ లేకుండా ఏడ్చింది. మనవడి ముచ్చట్లు చెప్పింది, ముత్తవ్వ మోకాళ్ల ముచ్చట చెప్పింది, సీలింగ్ సంగతీ చెప్పింది. చెప్పి చెప్పి అలిసిపోయాక చెయ్యి దానంతటదే గరిటె అందుకుంది. దగ్గరున్న డేగ్చా అంచు మీద తట్టింది. ఖణ్. మంచిదే. ఇంకోటి తట్టింది. ఆయన ఎలా తట్టేవాడో అలాగే, ఆగి ఆగి, వినుకుంటూ.

కింద బండి ఆగిన చప్పుడు, తలుపు చప్పుడు, చెప్పుల చప్పుడు వచ్చాయి. రాజశేఖర్ ఏదో మరిచిపోయి వచ్చినట్టున్నాడు. "అవ్వా" అని పిలిచి, జవాబు లేక ముత్తవ్వ ఇంటికి వెళ్లిందనుకున్నాడు కాబోలు, కుండలో నీళ్లు ముంచుకున్నాడు. రుక్మాబాయి గరిటె ఆపాలనుకునే లోపే ఇంకో ఖణ్ వెళ్లిపోయింది.

కింద చెంబు నేల మీద పడింది.

రుక్మాబాయి గరిటె ఒళ్లో పెట్టుకుంది. నిచ్చెన పైన మడతపడి ఉంది, మూత మూసి ఉంది. కింద నిలబడ్డవాడికి పైన మనిషి ఉండే మార్గమే లేదు. నేనేనురా అని అరవాలనుకుంది. అంతలోనే కింది నుంచి పిలుపొచ్చింది.

"బాపూ."

మందుల దుకాణం మనిషి గొంతు కాదది. బడి నుంచి వచ్చి ఆకలని పిలిచే పిల్లవాడి గొంతు.

"బాపూ, నువ్వేనా? గా దినం నేను పిలువలే. పిలుస్తే నువ్వు పోయినవని ఒప్పుకున్నట్టయితదని పిలువలే. గంతే బాపూ. నాకు నమ్మకం లేక కాదు." ఏడుస్తున్నాడు. మాటలు తడిసి ముద్దయిపోతున్నాయి. "గిన్ని దినాలు గీ ఉడుకల కూసున్నవా? దిగిరా. బాపూ, దిగిరా."

రుక్మాబాయికి ఏడుపు పొంగుకొచ్చింది, చెంగు నోట్లో కుక్కుకుంది. పిడి పట్టి నెమ్మదిగా నూకింది. మూత తెరుచుకుంది, నిచ్చెన మడతలు విప్పుకుంటూ కొడుకు ఎదుటికి దిగింది. అతను తలెత్తాడు. చీకట్లో తల్లి మొహం చూశాడు. గుర్తుపట్టాడు కూడా.

"అడ్డం నిలవడకు, బిడ్డా" అంది పై నుంచి మెల్లగా. "జరుగు. బాపును దిగనియ్యి."

రాజశేఖర్ ఒక్క అడుగు పక్కకు జరిగి చేతులు కట్టుకుని తల వంచి నిలబడ్డాడు. రుక్మాబాయి కాసేపు అలాగే ఆగి, ఆ తరువాతే తను దిగింది.