ఇరుసుకు పెట్టే ఆముదం

కొండాపూర్‌లో పెంటయ్యను అందరూ పల్టన్ పెంటయ్య అనేవారు. పల్టన్‌లో, అంటే సైన్యంలో, ఆయన ఉన్నది ఎంతో కాలం కాదు. అరవై ఐదు యుద్ధంలో పంజాబ్ సరిహద్దున మోర్టారు గుండు ముక్క ఒకటి కాల్లో దిగితే, సర్కారు ఇంటికి పంపేసింది. ఎడ్లబండి కట్టుకుని, లింగంపల్లి వైపు కొత్తగా లేస్తున్న కట్టడాలకు రాళ్లు తోలుకుంటూ, కుంటుకుంటూనే సంసారం లాక్కొచ్చాడు. పేరు మాత్రం పల్టన్ దగ్గరే ఆగిపోయింది.

కల్లు దుకాణం దగ్గర కుర్రకారు ఆయన్ని ఊరికే వదిలేవారు కాదు.

“అన్నా, తుపాకితోని ఎంతమందిని లేపినవే?”

“కందకంల కూసున్నోనికి ఏం కనవడ్తదిరా? మన్ను కనవడ్తది.”

కుర్రాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టయ్యేది. ఆయన మాటలో అబద్ధం లేదు మరి. కందకంలో పొడుగాటి రైఫిలు అటూ ఇటూ తిప్పడానికే చోటు చాలదు. తల పైకెత్తి తీరిగ్గా గురి చూసేవాడి తలే ముందు ఎగిరిపోతుంది. ఎదుటి కందకంలో ఉన్నవాణ్ణి చంపాలంటే పైనుంచి పడే మోర్టారు గుండు కావాలి, బాగా దగ్గరికొస్తే చేతిబాంబు కావాలి. వరసగా తూటాలు కురిపించే బ్రెన్ గన్ను పని వేరు. ఎదుటివాణ్ణి తల ఎత్తనివ్వకపోవడమే దాని అసలు పని. అది మోగుతున్నంతసేపూ ఇవతలివాళ్ల ప్రాణాలు నిలుస్తాయి. ఆగిందంటే అవతలివాళ్లు లేచి వస్తారు.

అలాంటి బ్రెన్ గన్ను పెంటయ్య జట్టులో బాలనర్సయ్య చేతిలో ఉండేది. అతనిదీ కొండాపూరే, ఇద్దరూ ఒకేసారి భర్తీ అయ్యారు. బాలనర్సయ్య కాల్చేవాడు, పెంటయ్య పక్కన పడుకుని తూటాల డబ్బీలు మార్చేవాడు. ఒకసారి రెండు రోజులుగా సామాన్ల బండి రాలేదు, గన్నుకు వేసే నూనె అయిపోయింది. బాలనర్సయ్య తన సంచిలోంచి సీసా తీశాడు. తల్లి రుక్కమ్మ ఇంట్లో వండి, నెత్తికీ అరికాళ్లకూ రాసుకొమ్మని ఇచ్చిన ఆముదం అది.

“బండి ఇరుసుకు ఇదే గదరా పెడ్తం. ఇనుము ఇనుమే గద,” అన్నాడు.

పెంటయ్యకూ సబబుగానే తోచింది. ఊళ్లో పుట్టి పెరిగినవాడికి ఇరుసుకు ఆముదం పెట్టడం కంటే పెద్ద నమ్మకం ఏముంటుంది? కానీ ఇరుసు మెల్లగా తిరుగుతుంది, గన్ను నిప్పులా కాగుతుంది. ఆ వేడికి ఆముదం జిగురెత్తి, పంజాబ్ దుమ్మంతా పట్టుకుని, తెల్లవారాక శత్రువు కదిలి వచ్చేసరికి గన్ను బిగుసుకుపోయింది. బాలనర్సయ్య రెండుసార్లు లాగి చూశాడు.

“ఇరుసు వట్టిందిరా పెంటిగా!” అని నవ్వాడు. అంతే, ఇంకేమీ అనలేదు. గన్ను వదిలేసి, చేతిబాంబులు తీసుకుని కందకం గట్టెక్కాడు. వెనక నుంచి సాయం వచ్చేదాకా వాళ్లను ఆపాడు కానీ, తను మాత్రం మళ్లీ కందకంలోకి దిగలేదు.

మరుసటి ఏడు పెత్రమాసకు, చనిపోయినవాళ్లకు వండి పెట్టే ఆ అమావాస్యనాడు, రుక్కమ్మ పెంటయ్యను పిలిచి కొడుకు పేరున విస్తరి వేసింది. వడ్డిస్తూ అడిగింది.

“పెంటయ్యా, నేనిచ్చిన ఆముదం నా కొడుక్కు అక్కరకొచ్చిందా?”

పెంటయ్య ముద్ద మింగాడు. “ఎందుకు రాలే చిన్నమ్మా? నీ ఆముదం ఏసినంక ఆ గన్ను ఆగనే లేదు.”

ఆ ముసలిదాని మొహం చూసినవాడెవడైనా ఆ అబద్ధమే ఆడి ఉండేవాడు. అప్పటినుంచి ఏటా పెత్రమాసకు అదే విస్తరి, అదే ప్రశ్న, అదే జవాబు. రుక్కమ్మ ఆ మాటను వాడంతా చెప్పుకుని మురిసేది. పెంటయ్యకు మాత్రం ఆ పూట అన్నం సహించేది కాదు.

ఇలాగే గడిచిపోయేదేమో. కానీ రుక్కమ్మ చిన్నకొడుకు మొగిలి కూడా పల్టన్‌లో చేరాడు. డెబ్బై ఒకటిలో సెలవు మీద వచ్చి ఇంట్లో ఉండగా, వెంటనే రమ్మని తంతి వచ్చింది. మళ్లీ యుద్ధం వస్తోందని ఊరంతా గుసగుసలు. మొగిలిని స్టేషన్‌కు తీసుకెళ్లడానికి పెంటయ్య బండి కట్టుకొచ్చేసరికి, రుక్కమ్మ గడపలో నిలబడి సీసా నింపుతోంది.

“గన్నుకు ఇదే ఏసుకో బిడ్డా. మీ అన్నకు అక్కరకొచ్చింది,” అంటోంది.

పెంటయ్య గబగబా బండి దిగి, ఆమె చేతిలోంచి సీసా లాక్కున్నాడు.

“వద్దు చిన్నమ్మా! దీనితోనే బాలనర్సిగాని గన్ను ఆగింది. ఇన్నొద్దులు నీకు అబద్ధం చెప్పిన.”

రుక్కమ్మ ఆయన మొహం వంకా, సీసా వంకా చూసి లోపలికి వెళ్లిపోయింది. మొగిలి వెనకాలే వెళ్లి, కాసేపటికి ఒక్కడే బయటికి వచ్చాడు.

సగం దారి దాకా ఎడ్ల గజ్జెల చప్పుడే. మసీదుబండ దాటాక మొగిలి నోరు విప్పాడు.

“ఎందుకు చెప్పినవన్నా? గన్నుకు పల్టన్ నూనె దప్ప ఏదీ ఎయ్యొద్దని మాకు ట్రైనింగ్‌ల మొదట్నే చెప్పిండ్రు. సీసా తీస్కపోయి రైల్లకెళ్లి పారబోస్తుంటి. ఆమె దిల్ ఖుషీగ ఉంటుండె.”

పెంటయ్య ఎడ్లను అదిలించాడు. తిరుగు దారిలో తన మీద తనకే అసహ్యం వేసింది.

యుద్ధం తొందరగానే ముగిసింది. దెబ్బేమీ తగల్లేదని మొగిలి ఉత్తరం రాశాడు. రుక్కమ్మ మాత్రం పెంటయ్య బండి ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేది. ఆమె తలకు ఆముదం రాయడం మానేసిందని, జుట్టంతా ఎండుగడ్డిలా అయిందని పెంటయ్య భార్య పోచమ్మ చెప్పింది.

మళ్లీ పెత్రమాస వచ్చింది. ఈసారి పెంటయ్యను ఎవరూ పిలవలేదు. పొద్దు వాలాక రుక్కమ్మే విస్తరి పట్టుకుని పెంటయ్య గడపలోకి వచ్చింది. ముందు పెట్టి, ఎదురుగా చతికిలబడింది.

“ఒక్కటే అడుగుత. గన్ను ఆగినప్పుడు నా కొడుకు నన్ను తిట్టిండా?”

“లేదు చిన్నమ్మా! ఇరుసు వట్టిందిరా అని నవ్విండు, గంతే. నీ మీద ఒట్టు.”

అది నిజం. ఆమెతో చెప్పదగ్గ నిజాల్లో అంతకంటే మంచిది ఆయన దగ్గర ఇంకొకటి లేదు.

రుక్కమ్మ విస్తరి ఆయన దగ్గరికి జరిపింది.

“ముందు గూడ గిట్లనే చెప్పినవు గదా పెంటయ్యా,” అంది. “తిను, బువ్వ సల్లారుతది.”