చింతపండుతో తోమిన పెట్టె

మా పక్కవాటా రేడియో మెకానిక్ గారు పోయిన గురువారం కన్నుమూశారు. ఆ కబురు నాకు మిల్లులో తెలిసింది. పత్తి బోరాలు కాటా వేయిస్తూ ఉంటే మా ఓనరు గారి కారు డ్రైవరు వచ్చి, "గుమాస్తా గారూ, ఆయన పోయారండి" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. ఎండలు తగ్గినప్పటి నుంచీ ఆ దగ్గు గోడ అవతల వింటూనే ఉన్నాను.

మీలో కొందరు ఆయన దగ్గర రేడియో బాగు చేయించుకునే ఉంటారు. గుంటూరులో ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాళ్లకంటే చింతపండు మెకానిక్ అన్నవాళ్లే ఎక్కువ. నవ్వుతూ అనేవారు. ఆ నవ్వులో చెడు లేదు. అయినా ఆ పేరే ఆయన కొట్టు మూయించింది. అది ఎలా వచ్చిందో దగ్గరుండి చూసినవాణ్ని. నోటితో చెప్పడం నాకు చేతకాదు కనుక రాస్తున్నాను.

ఒకే పెంకుటింట్లో చెరో వాటా మాది. ఆయన కొట్టు వీధి వైపు. మిరప సీజనులో యార్డు దగ్గరి కొట్ల నుంచి వచ్చే రేడియోలు విప్పితే లోపలంతా ఎర్రటి పొడి. తువ్వాలు ముక్కుకి కట్టుకుని, మొహం పక్కకి తిప్పి విప్పేవారు. అయినా తుమ్ములు ఆగేవి కావు. ఆదివారం చర్చిలో మైకు సెట్టు బాధ్యత ఆయనదే. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే ఈయన మాత్రం కళ్లు తెరుచుకునే కూర్చునేవారు, మైకు ఎక్కడ కూస్తుందోనని. "అందరి ప్రార్థనా పైకి పోవాలంటే ఒకడు కళ్లు తెరిచి ఉండాలి కదండీ" అనేవారు.

నేను బడిలో చదివింది తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు ఆయన కొట్లో రేడియో వాల్వుల అట్టపెట్టెల మీద నేర్చుకున్నాను. తప్పు చదివితే దిద్దేవారు, నవ్వేవారు కాదు. సెట్టు పలికాక కూడా ఆయన నోట 'బాగైంది' అన్న మాట వచ్చేది కాదు. "పాడుతోంది, తీసుకెళ్లండి. బాగైందో లేదో అదే చెప్పాలి" అనేవారు.

మా ఓనరు గారు మద్రాసు వేలంలో ఒక పాత విదేశీ కారు కొన్నారు. అందులో కార్బురేటరు లేదు. ఇంజనుకి ఎంత పెట్రోలు వెళ్లాలో చెప్పడానికి ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది. ఎడమవైపు సీటులో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర, అట్ట వెనకాల దాన్ని బిగించారు. ఒక వానాకాలంలో ముందరి అద్దం అంచు నుంచి నీళ్లు కారి ఆ పెట్టెలోకి దిగాయి. కారు ఆగిపోయింది. మద్రాసు వాళ్లని అడిగితే కొత్త పెట్టె పైదేశం నుంచి రావాలన్నారు. నేను మా మెకానిక్ గారి పేరు చెప్పాను.

ఆయన పెట్టె మూత విప్పి చాలాసేపు చూశారు. "ఇటువంటిది నేనెప్పుడూ చూడలేదండి. కానీ లోపలున్నవి ట్రాన్సిస్టర్లే. నా కొట్లో ఉండేవాటికి చుట్టాలే" అన్నారు. ట్రాన్సిస్టర్లు బిగించిన ప్లేటు మీది రాగి గీతలన్నీ పచ్చటి చిలుము పట్టాయి. పెరట్లో ఆయన భార్య ఇత్తడి బిందె తోముతోంది. ఆవిడ దగ్గర ఇంత చింతపండు పులుసు తీసుకుని, పాత పళ్లబ్రష్షుతో ఆ గీతల్ని తోమారు. చిలుము పోయి రాగి కొత్త కానీలా మెరిసింది. నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి బిగించారు. కారు కదిలింది. ఓనరు గారు అందరి ముందూ ఆయన భుజం తట్టారు.

అది ఎన్నాళ్లో నిలవలేదు. పత్తి కొనుగోళ్ల రోజుల్లో దర్శి వెళుతుంటే దారి మధ్యలో కారు చచ్చిపోయింది. ఓనరు గారు పత్తి లారీలో, బోరాల మధ్య కూర్చుని తిరిగి వచ్చారు. మిల్లులో దిగీ దిగగానే డ్రైవరు మీద పడ్డారు.

"ఒరేయ్, పైపు పెట్టి కడగొద్దని చెప్పానా లేదా? పెట్టెలోకి నీళ్లు పోశావు గదరా!"

"లేదండీ, గుడ్డతోనే తుడుస్తున్నానండీ."

"అబద్ధాలాడకు. రేపటి నుంచి రాబాకు. తాళాలు గుమాస్తాకిచ్చి పో."

డ్రైవరుకి ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ తల్లి. ఆ ఉద్యోగం పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. తాళాలు నా బల్ల మీద పెట్టి అక్కడే నిలబడిపోయాడు.

కారుని లారీకి కట్టి లాక్కొచ్చారు. మెకానిక్ గారిని పిలిపించారు. మిల్లు వాకిట్లో, అందరూ చూస్తుండగా ఆయన పెట్టె విప్పారు. చిలుము మళ్లీ వచ్చింది. ఈసారి బ్రష్షు తిరిగిన చోటల్లా వచ్చింది. ట్రాన్సిస్టర్ల కాళ్ల కింద తడితడిగా జిగురు. అది చూసి అర్థం చేసుకోగలిగినవాడు ఆ వాకిట్లో ఆయన ఒక్కడే. మూత వేసి 'నీళ్లు దిగాయండి' అని ఉంటే అక్కడితో అయిపోయేది.

ఆయన లేచి చేతులు తుడుచుకున్నారు.

"డ్రైవరు తప్పు లేదండి. నేను దీన్ని చింతపండుతో తోమాను. పైకి మెరిసింది గానీ, ఆ పులుపు సందుల్లో ఉండిపోయి రాగిని తినేసింది. నాకు తెలియక చేశాను."

ఓనరు గారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గట్టిగా అరిచారు. "ఏమయ్యా, అది కారనుకున్నావా, మీ ఆవిడ బిందె అనుకున్నావా?"

వాకిలి వాకిలంతా గొల్లుమంది. హమాలీలు నవ్వారు, పత్తి ఏరే ఆడవాళ్లు నవ్వారు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు డ్రైవరు కూడా నవ్వాడు. ఓనరు గారు నా బల్ల మీది తాళాలు తీసి వాడి చేతిలో పడేశారు. మెకానిక్ గారు ఒక్కరే నవ్వలేదు. "మళ్లీ ఒకసారి చూస్తానండి, కూలి వద్దు" అని పెట్టెని సంచిలో పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక వాళ్లావిడ గొంతు గోడ అవతల నుంచి వినపడింది. "నోరు మూసుకుని ఉంటే మీ సొమ్మేం పోయేది?"

"నాదేం పోయేది కాదు. వాడి కూడు పోయేది" అన్నారాయన.

ఆ రెండో రిపేరంత ఓపికైన పని నేను చూడలేదు. బ్యాటరీలకి పోసే నీళ్లు తెచ్చి కడిగారు, స్పిరిట్‌తో తుడిచారు, మళ్లీ కడిగారు. మిరప ధూళి పడకుండా పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టారు. తెగిపోయిన గీతల మీద వైరులోంచి తీసిన ఒక్కొక్క రాగి పోగునీ పరిచి టంకం వేశారు. మోటారు వైండింగుకి వాడే వార్నిషు పైన పూశారు. "కనపడేదంతా మొన్ననే కడిగానండి, ఇప్పుడు కనపడనిది కడుగుతున్నాను" అన్నారు. ఆ కారు ఇవాళ్టికీ నడుస్తోంది.

కానీ ఊరికి గుర్తున్నది మొదటి రిపేరే. దాన్ని ఊరంతా చెప్పింది ఆ డ్రైవరే. టీ కొట్టు దగ్గర, యార్డు దగ్గర, ఎక్కడ నలుగురు కనపడితే అక్కడ, "నా ఉద్యోగం నిలబెట్టిన మనిషిరా" అని మొదలుపెట్టేవాడు. చింతపండు దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్లు పొట్ట పట్టుకునేవాళ్లు. ఆ తర్వాతి సగం ఎవరి చెవికీ ఎక్కేది కాదు. అంతలో ఊళ్లోకి టీవీలు వచ్చాయి. "ఆయనకిస్తే పులుసు పెట్టి పంపుతాడు" అని వేరే కొట్లకి తీసుకుపోయారు. వచ్చే రేడియోలు కూడా తగ్గాయి.

డ్రైవరుతో ఒక మాట చెప్పి ఆ కథ ఆపిస్తానని నేను ఒకసారి అన్నాను. ఆయన వద్దన్నారు. "సంతోషంతో చెప్పుకుంటున్నాడు గుమాస్తా గారూ. దానివల్ల ఇలా అయిందని తెలిస్తే తట్టుకోలేడు."

కిందటేడు కొట్టు తీసేసి, బ్యాటరీలు ఛార్జింగు పెట్టే చోట పనికి కుదిరారు. ఆ యాసిడ్ గాలికి దగ్గు పట్టుకుంది. తన కథ వల్లే కొట్టు పోయిందని డ్రైవరుకి అప్పుడు తెలిసింది. మిల్లులో నా దగ్గరికి వచ్చి, "నేను మంచి చెప్పాలనే చెప్పానండీ. వాళ్లు చింతపండే విన్నారు" అన్నాడు. ఆ తర్వాత వాడు ఎక్కడా ఆ కథ ఎత్తలేదు. అప్పటికి ఎత్తవలసిన అవసరమూ లేకపోయింది. ఊరికి కంఠతా వచ్చేసింది.

సమాధుల దొడ్లో తుపాను ముసురు. పాస్టరు గారు గొడుగు కింద వాక్యం చదివారు. తలా ఒక పిడికెడు మట్టి వేసి పక్కకి తప్పుకున్నాం. చివర డ్రైవరు వచ్చాడు. గుంట మీదికి చెయ్యి చాచి వేళ్లు విప్పాడు. తడిసిన నల్లరేగడి అరచేతిని పట్టుకుని కింద పడలేదు.

"విదిలించవయ్యా" అన్నారెవరో వెనక నుంచి.

వాడు విదిలించలేదు. వానలో చెయ్యి అలాగే చాచి నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు గుంటలోని పెట్టె మీద చుక్కచుక్కగా పడుతున్నాయి.